పదకొండూ ఇరవైకి కురిసిన మంచు

“ఆ హాలు తాళంచెవి ఇలా ఇవ్వండి మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ లింగ్‌వే.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూర్చున్నది నా కుర్చీలో, తాగుతున్నది నా కాఫీ. స్కార్వోయ్ దీవికి పోలీసునని చెప్పుకోవడానికి ఆ తాళంచెవి ఒక్కటే నాకు మిగిలింది.

“ఎందుకట?”

“మీరు సాక్షి. శనివారం ఆ భవనంలోనే ఉన్నారు. దర్యాప్తులో వేలు పెట్టకూడదు. రూల్సు నేను రాయలేదు.”

“మరి ఆస్లాక్‌ని ఏం చేస్తారు?”

“మూడు గంటల పడవలో పట్నం తీసుకుపోతున్నా. అజాగ్రత్త వల్ల మరణం. ముసలాయన ఒప్పుకున్నాడు. సంతకం ఒక్కటే తరువాయి.”

“ఒప్పుకోలేదు. గుర్తు లేదన్నాడు.”

“డెబ్బై ఆరేళ్ళవాడు గుర్తు లేదంటే ఒప్పుకున్నట్టే లెండి.”

లింగ్‌వేకి ముప్పై నాలుగేళ్ళు. పల్చటి అట్టల్లాంటి బూట్లు వేసుకుని వచ్చి, రేవు నుంచి నా ఆఫీసు చేరేలోపు రెండుసార్లు జారిపడ్డాడు. పడిన ప్రతిసారీ లేచి దీవి వంక గుర్రుగా చూశాడు, తప్పంతా దీవిదే అయినట్టు. ఒక ప్రశ్న రెండోసారి అడగడం ఆయనకు చేతకాదు. మొదటి జవాబు దొరకగానే పెట్టె సర్దుకుంటాడు. నాలుగేళ్ళ కిందట మా రేవులో పడవ తగలబడినప్పుడూ ఇలాగే ఒక్క పూటలో తేల్చేసి పోయాడు. ఆ కేసు తిరగదోడి అసలు మనిషిని పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఈలోపు ఆయనకు ప్రమోషన్ వచ్చింది.

తాళంచెవి బల్ల మీద పడేశాను. ఆ హాలుకి తాళంచెవులు రెండు. ఎన్ని ఉన్నాయని ఆయన అడగలేదు.

అప్పుడు టైము పన్నెండూ నలభై.

శనివారం ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మా ఊరి ఘనత కొంచెం చెప్పాలి. స్కార్వోయ్ ఈ భూమ్మీదికి పంపిన గొప్పవాడు ఒక్కడే, ఓలుఫ్ హెర్విక్. వందేళ్ళ కిందట ఉత్తర ధ్రువానికి బయల్దేరాడు. ధ్రువం చేరలేదు. బండి లాగిన కుక్కల్ని తిని, వెంట వచ్చిన మనిషిని మంచులో వదిలేసి, గడ్డంతో తిరిగొచ్చాడు. ఈ మాత్రానికే ఆయనకు మా ఊళ్ళో ఒక విగ్రహం, ఒక వీధి, చేప ఉండల డబ్బా మీద ఒక బొమ్మ ఉన్నాయి. అవి చాలవన్నట్టు ఇప్పుడు ఒక నాటకం.

నాటకం రాసింది మా స్కూలు హెడ్మాస్టరు సిగ్వార్ట్ క్రోన్. హీరో కూడా ఆయనే. తాను రాసుకున్న డైలాగులు తనకే గుర్తుండవు. అయినా తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా రంగస్థలం మీద తానే ఉండాలి. వెంట వెళ్ళి చచ్చిపోయిన పేడర్ ఎలా పోయాడో ఎవరికీ తెలియదు. సిగ్వార్ట్‌కి మాత్రం తెలుసు, ఎందుకంటే ఆయనే రాశాడు: పేడర్ ఆఖరి బిస్కట్లు దొంగిలిస్తాడు, హెర్విక్ వాణ్ణి గుడారంలోంచి గెంటేస్తాడు. ఆ పేడర్ మా ఆస్లాక్‌కి సొంత తాత.

ఇలాంటి నాటకంలో స్టవ్వు ముట్టించడానికి ఎందుకు ఒప్పుకున్నావని ఆస్లాక్‌ని నేనొకసారి అడిగాను. “ఇంకెవరికీ చేతకాదు కదమ్మాయ్, కాల్చుకుంటారు,” అన్నాడు. సీల్ అనే సముద్రజంతువుల్ని వేటాడే పడవల్లో నలభై ఏళ్ళు పని చేసిన మనిషి. మా నాన్నా ఆయనా ఒకే పడవ. మంచు మీద అన్నేళ్ళు కిరసనాయిలు స్టవ్వు ముట్టించి, గుడారంలో ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. సంతకం పెడితే ఆ పేరు పోతుంది. మతిమరుపుతో మనిషిని చంపిన ముసలాడుగా మిగిలిపోతాడు. శనివారం నుంచి ఆయన అన్నం ముట్టలేదు. తన రెండు చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. 

ఇక శనివారం సంగతి. మా ఊళ్ళో ఏ సంఘం ఏ పని తలపెట్టినా అందరూ ఊరికే చెయ్యి వెయ్యాల్సిందే. కాఫీతో పెట్టే వాఫిల్ అట్లు కాల్చే వంతుల జాబితా హాలు తలుపు మీద అంటించి ఉంటుంది. పోలీసని మినహాయింపేమీ లేదు. ఆ శనివారం వంతు నాది. అందుకే నేను సాక్షినయ్యాను.

ఆ ఉదయం రిహార్సల్లో పదకొండూ అయిదుకి ఆస్లాక్ రంగస్థలం మీది గుడారంలో స్టవ్వు ముట్టించాడు. సిగ్వార్ట్ లోపలికి పాకి, గుడ్డ సొరంగంలాంటి ఆ ద్వారాన్ని లోపలినుంచి తాడుతో కట్టేసుకున్నాడు. పదకొండూ పదికి ఆస్లాక్ వంటగదికి వచ్చి నా పక్కన పిండి కలపడం మొదలుపెట్టాడు. పదకొండూ నలభైకి కాఫీ విరామం. అందరూ బయటికొచ్చారు, సిగ్వార్ట్ తప్ప. “మంచు మీద ఉన్నవాడికి విరామం ఏమిటి?” అని లోపలే పడుకున్నాడు, పాత్రలో లీనమై. పన్నెండున్నరకి పిలిస్తే పలకలేదు. గుడ్డ కోసి లాగారు. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి, ప్రాణం లేదు. మూసిన గుడారంలో స్టవ్వు వదిలిన విషవాయువు, పైగా గుండె జబ్బు మనిషి అన్నాడు డాక్టరు.

గుడారం నెత్తిన గాలి పోవడానికి రేకు గొట్టం ఒకటి ఉంది. అందులో ఆస్లాక్ ఉన్ని గ్లౌజు కుక్కి ఉంది. రిహార్సల్ అయ్యాక దుమ్ము పడకుండా గ్లౌజు కుక్కడం, మళ్ళీ స్టవ్వు ముట్టించే ముందు తీసి రంగస్థలం పక్క వింగులో మేకుకి తగిలించడం ఆయన అలవాటు. “తీసినట్టే గుర్తు. కానీ తీస్తే అది అక్కడెందుకుంటుంది?” అన్నాడు పాపం, తన మీద తానే తీర్పు చెప్పుకుంటూ.

రెండో తాళంచెవి జేబులో వేసుకుని హాలుకి వెళ్ళేసరికి, దాని అవసరమే లేకుండా వెనక తలుపు తీసే ఉంది. దర్శకురాలు విబెకె రంగస్థలం అంచున కూర్చుని కాగితాలు తిరగేస్తోంది. పట్నం నుంచి పిలిపించిన మనిషి. మెడకి మూడు శాలువలు.

“గుడారం ఎప్పుడిస్తారు? మొదటి ప్రదర్శనకి పదకొండు రోజులే ఉంది,” అంది నన్ను చూడగానే.

“హీరో పోయాడు కదా విబెకె.”

“సిగ్వార్ట్ అయితే ప్రదర్శన ఆగడం కోరుకునేవాడు కాదు.”

“ఊపిరి ఆగడం కూడా కోరుకుని ఉండడు. ఆ గుడారం గుడ్డకి మైనం పట్టించమన్నదెవరు?”

“నేనే. నిజమైన ధ్రువయాత్ర గుడారాలు అలాగే ఉంటాయి.”

“నిజం స్టవ్వు పెట్టమన్నది?”

“ఆ బుస్సుమనే చప్పుడు లేకపోతే జనానికి చలి వెయ్యదు.”

“గిన్నెలో నిజం మంచు?”

“ఆవిరి రావాలి కదండీ. కళలో అబద్ధం పనికిరాదు.”

“మంచిది. చావు కూడా నిజమైనదే వచ్చింది.”

ఆమె ముఖం చిట్లించి, మరుక్షణం పెన్ను తీసి ఆ మాట ఎక్కడో రాసుకుంది. వచ్చే నాటకంలో వాడుతుంది కాబోలు. ఇలాంటి వాళ్ళతో మాట్లాడేటప్పుడు నా చేతుల్ని జేబుల్లో పెట్టుకోవడం మంచిదని నాకు అనుభవం మీద తెలిసింది.

కాలు కదిపితే కిందంతా తెల్లటి చిన్న చిన్న బిళ్ళలు. కాగితాలకి చిల్లులు కొట్టే పంచింగ్ మిషనులోంచి రాలతాయే, అవి. పంచాయతీ ఆఫీసు, స్కూలు, చేపల సహకార సంఘం, నా ఆఫీసుతో సహా అందరూ మూడేళ్ళుగా వీటిని దాచిపెట్టి నాటక సంఘానికి ఇచ్చారు. మధ్యలో కలిసిన పసుపు, గులాబీ బిళ్ళల్ని ఏరి పారేయడానికి నలభై మంది రెండు సాయంత్రాలు కూర్చున్నారు. దీవి మీద ఏడాదికి ఏడు నెలలు మంచు కురుస్తుంది. మా వాళ్ళకి అది చాలలేదు.

“ఈ మంచు పైనుంచి ఎప్పుడు పోశారు?” అని అడిగాను.

“శనివారం. రెండో అంకంలో, తుపాను సీను. సరిగ్గా పదకొండూ ఇరవై. తాడు లాగింది నేనే. ఇదిగో, నా కాపీలో టైము రాసుకున్నాను.”

“అంతకు ముందు రిహార్సళ్ళలో?”

“లేదు. శనివారమే మొదటిసారి. ఒకసారి పోస్తే ఊడ్చి సంచుల్లో నింపడానికి నలుగురికి రెండు గంటలు పడుతుంది. అందుకని దాచిపెట్టాను.”

“మొదటిసారా? ఖాయంగా?”

“నా ప్రాణం మీద ఒట్టు.”

ఆమె ప్రాణంతో నాకు పని లేదు. కానీ ఆ మాట రాసుకున్నాను.

రంగస్థలం పక్కన, డైలాగులు అందించే ప్రాంప్టర్ కుర్చీలో తూరిడ్ కూర్చుని ఉంది. ఆస్లాక్ కూతురు. నలభై ఏళ్ళు, పోస్టాఫీసులో పని. నాటకం పుస్తకాన్ని మూసి ఒళ్ళో పెట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది.

“కూర్చో కూర్చో. శనివారం నీకు గుర్తున్నది చెప్పు.”

“ఏముందక్కా. పదకొండూ నలభైకి విరామం. పావుతక్కువ పన్నెండుకి వంటగదికి వచ్చాను. సిగ్వార్ట్‌కి కాఫీ, వాఫిల్ నువ్వే కదా ఇచ్చావు.”

“అవును, జామ్ వేసి ఇచ్చాను. తీసుకున్నాడా?”

“లేదు. ‘మంచు మీద వాఫిళ్ళు దొరకవు, పో’ అని లోపలినుంచి అరిచాడు. నేనే తినేశాను.”

అంటే పావుతక్కువ పన్నెండుకి బతికే ఉన్నాడు. రాసుకున్నాను.

“ఆ పేడర్ సీను నీకు కష్టంగా ఉండేది కాదూ?”

ఆమె పుస్తకం అట్ట మీద వేలితో గీసింది. “ఆయనకి ఒక్క ముక్క గుర్తుండేది కాదక్కా. ప్రతి మాటా నేనే అందించాలి. ‘దొంగ కుక్కా, బిస్కట్ ముక్క కోసం నా ప్రాణం తీస్తావా’ అని నేను ఇక్కడినుంచి గొణిగితే, ఆయన అక్కడ నిలబడి అరిచేవాడు. ముప్పై ఒక్క రిహార్సళ్ళు. మా ముత్తాతని ముప్పై ఒక్కసార్లు దొంగ అన్నది ముందు నేను, తర్వాతే ఆయన.”

“మానేయాల్సింది.”

“నాన్న వద్దన్నాడు. ఊరి పని, మధ్యలో వదలకూడదన్నాడు. ఆయన మాత్రం ఆ సీను వచ్చేసరికి వంటగదికి వెళ్ళిపోయేవాడు.” తలెత్తి నా వంక చూసింది. “నాన్నకి ఎంత పడుతుందక్కా?”

“అజాగ్రత్త అంటే ఆరు నెలలు. ఈ వయసులో జైలు కూడా ఉండదేమో, కాగితం మీదే.”

“అంతేనా?” అంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. కూతురు కదా అనుకున్నాను. నాకు జాలి వేసింది. ఆయన బట్టల సంచీ తెస్తానని ఆమె ఇంటికి వెళ్ళింది.

ఒంటిగంటా ముప్పై అయిదు. బూట్లు విప్పి రంగస్థలం ఎక్కాను. మంచు కోసం పరిచిన తెల్లటి ఉన్ని గుడ్డ మాసిపోకూడదని అందరూ మేజోళ్ళతోనే తిరుగుతారు. అంటే ఎవరు నడిచినా చప్పుడు కాదు. లోపల స్టవ్వు బుసకి ఇక వినిపించేదేముంది? గుడారం వెనక నిలబడితే ఆ రేకు గొట్టం నా భుజం దాకా వచ్చింది. ఎవరైనా చెయ్యి చాచవచ్చు. మేకు అక్కడికి నాలుగడుగులు. దాని మీద ఏమీ లేదు.

గుడారం కప్పు మీదా, చుట్టూతా తెల్ల బిళ్ళలు గుట్టలుగా పడి ఉన్నాయి. లోపలికి తొంగి చూశాను. గిన్నెలో మంచు కరిగిన నీళ్ళ మీద బిళ్ళలు తేలుతున్నాయి. పడకసంచీ మీద కొన్ని ఉన్నాయి. లింగ్‌వే వీటిని చూసే ఉంటాడు. శవాన్ని లాగినవాళ్ళ మేజోళ్ళకి అంటుకుని వచ్చాయనుకుని ఉంటాడు. అలా అనుకోవడానికి వీల్లేని చోటు ఒకటి ఉంది.

గ్లౌజుని లింగ్‌వే కవర్లో పెట్టుకుపోయాడు కాబట్టి, టార్చి వేసి ఖాళీ గొట్టంలోకి చూశాను. గొట్టం లోపలి గోడకి మసి, కిరసనాయిలు జిడ్డు. ఆ జిడ్డుకి బిళ్ళలు అతుక్కుని ఉన్నాయి. గ్లౌజు కుక్కిన చోట నొక్కుకుపోయి కొన్ని, దానికి బాగా కింద కొన్ని. కింద ఉన్నవాటికి ఒకవైపు మసి పట్టింది. లెక్కపెట్టాను. పద్నాలుగు.

గ్లౌజు ముందునుంచీ అక్కడుంటే పదకొండూ ఇరవైకి కురిసిన మంచు దాని నెత్తిన పడి ఆగిపోవాలి. గొట్టం లోపలికి ఒక్క బిళ్ళ దిగదు. అంతకు ముందెప్పుడూ ఈ మంచు కురవలేదు, తర్వాత కురవలేదు. కాబట్టి పదకొండూ ఇరవైకి గొట్టం తెరిచే ఉంది. ఆస్లాక్ గ్లౌజు తీశాడు. ఎప్పటిలాగే తీసి మేకుకి తగిలించాడు. ఆ తర్వాత ఇంకెవరో దాన్ని తీసుకొచ్చి కుక్కారు.

గట్టిగా నవ్వాలనిపించింది. ఎవరు కుక్కారన్నది నేను అప్పుడు ఆలోచించలేదు. విరామంలో ఇరవై రెండు మంది అటూ ఇటూ తిరిగారు, అది తర్వాత తీరిగ్గా తేల్చవచ్చు, ముందు ముసలాయన పడవ ఎక్కకూడదు అనుకున్నాను. మూడు మేకులు పీకి గొట్టం ఊడదీసి, న్యూస్‌పేపర్లో చుట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరాను. లింగ్‌వే ముఖం ఎలా మాడుతుందో చూడాలని దారిపొడుగునా ఊహించుకున్నాను. అది దాచను.

ఆఫీసు చేరేసరికి రెండూ పదిహేను. లింగ్‌వే టైపు చేసిన కాగితం ఆస్లాక్ ముందుకి జరుపుతున్నాడు. ఆస్లాక్ పెన్ను మూత తీస్తున్నాడు. గుమ్మం దగ్గర తూరిడ్, ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో నాన్న కోటు.

“ఆగు బాబాయ్,” అన్నాను. గొట్టం బల్ల మీద పెట్టి పేపరు విప్పాను.

లింగ్‌వే లేచాడు. “ఎక్కడిది ఇది? సీలు వేసిన చోటికి వెళ్ళారా?”

“సీలు ముందు తలుపుకి వేశారు. వెనక తలుపు సంగతి మర్చిపోయారు.”

“మీ ఉద్యోగం పోతుంది, తెలుసా?”

“తీరిగ్గా తీయించండి. ముందు ఇందులోకి చూడండి.”

చెప్పాను. మంచు, మొదటిసారి, పదకొండూ ఇరవై, గొట్టంలో పద్నాలుగు బిళ్ళలు. ఆయన మొదట వినిపించుకోలేదు.

“మేజోళ్ళకి అంటుకుని వచ్చి ఉంటాయి.”

“గొట్టంలోకి ఎవరైనా కాలు పెట్టారా?”

“మీరే ఊడదీస్తున్నప్పుడు పడ్డాయేమో.”

“మసి కూడా నేనే పూశానా? మీ కవర్లో ఉన్న గ్లౌజు తీసి చూడండి. పైన గుడారమంతా బిళ్ళలతో నిండిపోతే, దాని నెత్తిన ఒక్కటి కూడా లేదేం?”

ప్లాస్టిక్ కవరు వెలుతురుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండు రోజులుగా ఆ కవరు ఆయన సంచీలోనే ఉంది. ఒక్కసారి కూడా తేరిపార చూడలేదు. ఇంత మనిషికి జీతం ఇచ్చి, బూట్లు కొనుక్కోవడానికి సెలవు కూడా ఇస్తారు.

“అంటే,” అన్నాడు ఆస్లాక్ మెల్లగా, “నేను గ్లౌజు తీశానంటావు?”

“తీశావు బాబాయ్.”

“మర్చిపోలేదు.”

“నువ్వు ఏదీ మర్చిపోలేదు. మంచు పడ్డాకే ఎవరో పెట్టారు.”

“ఖాయమేనా అమ్మాయ్?”

“నూటికి నూరుపాళ్ళు.”

రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆయన తలెత్తాడు. పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆ ముఖంలో సంతోషం చూశాను నేను, నా కళ్ళతో చూశాను. అది ఎంతసేపు? కప్పు కాఫీ ఒక గుక్క తాగినంతసేపు. తర్వాత ఆయన కళ్ళు నన్ను దాటి గుమ్మం వైపు వెళ్ళాయి. తూరిడ్ ఆయన్నే చూస్తోంది. ఆమె కళ్ళు దించలేదు.

“నేనే పెట్టాను,” అన్నాడు ఆస్లాక్.

“ఏంటి?”

“గ్లౌజు. మంచు పడ్డాక నేనే వెళ్ళి పెట్టాను. కావాలనే. రాసుకోండి సారూ.”

లింగ్‌వే కుర్చీలో కూర్చున్నాడు. పాత కాగితం తీసేసి మిషనుకి కొత్త కాగితం ఎక్కించాడు. అలాంటి పనుల్లో ఆయన చెయ్యి చురుకే.

“బాబాయ్, నీకు మతి పోయిందా? ఇది అజాగ్రత్త కాదు. హత్య. ఇరవై ఒక్క ఏళ్ళు!”

“నాకు డెబ్బై ఆరు. అన్నేళ్ళు నా దగ్గర ఎక్కడున్నాయి?”

“నువ్వు నా ఎదురుగా ఉన్నావు! పదకొండూ పది నుంచి పన్నెండున్నర దాకా నా పక్కన పిండి కలుపుతున్నావు!”

“మధ్యలో నీళ్ళకి వెళ్ళాను కదా.”

“రెండు నిమిషాలు!”

“గ్లౌజు కుక్కడానికి అది చాలా ఎక్కువ అమ్మాయ్.”

“కారణం?” అన్నాడు లింగ్‌వే టైపు చేస్తూనే.

“మా తాతని దొంగ అన్నాడు.”

లింగ్‌వే ముఖం వెలిగిపోయింది. పట్నానికి అజాగ్రత్త కేసు పట్టుకెళ్ళాల్సిన మనిషి, హత్య కేసు పట్టుకెళ్తున్నాడు. కారణంతో సహా, సంతకంతో సహా. అదీ నేను చంకలో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది.

“ఆమెను అడగండి,” అన్నాను గుమ్మం వైపు వేలు చూపించి. “పావుతక్కువ పన్నెండుకి గుడారం దగ్గరికి వెళ్ళింది తూరిడ్. ఆయన కాదు. ఆమెను ఒక్క ప్రశ్న అడగండి.”

“నేను అడగాల్సింది మిమ్మల్ని,” అన్నాడు లింగ్‌వే. “మీరు సాక్షి. ఒక్క మాట చెప్పండి చాలు. పదకొండూ ఇరవై తర్వాత ఆస్లాక్ రెండు నిమిషాలు మీ కళ్ళెదుట లేడా, ఉన్నాడా?”

అబద్ధం చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ బకెట్ పట్టుకుని ఆయన వంటగది దాటి వెళ్ళడం వరండాలో నలుగురు చూశారు.

“లేడు,” అన్నాను.

ఆయన అది కూడా టైపు చేశాడు. ఆస్లాక్ కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది. తూరిడ్ లోపలికి వచ్చి, సంచీ కింద పెట్టి, కోటు తొడిగి గుండీలు పెట్టింది. ఆయన ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

“నేను మర్చిపోలేదని తేల్చావు కదా. చాలమ్మాయ్. మీ నాన్న ఉంటే సంతోషించేవాడు. ఇక ఇంతటితో ఆపేయ్.”

రెండూ నలభైకి వాళ్ళు వెళ్ళారు. మెట్ల మీద లింగ్‌వే జారాడు. ముసలాయనే రెక్క పట్టుకుని నిలబెట్టాడు.

తూరిడ్ రేవుకి వెళ్ళలేదు. తలుపు దగ్గరగా వేసి, నా ఎదురుగా నిలబడింది. కళ్ళల్లో తడి లేదు.

“ఆ రోజు నాన్న గ్లౌజే దొరికింది,” అంది. “ఆయన మీదికి వస్తుందని తట్టలేదు నాకు. వచ్చాక కూడా, మతిమరుపు అంటారు, వదిలేస్తారు అనుకున్నాను. ఆరు నెలలని నువ్వే అన్నావు. ఆ ఆరు నెలలు ఆయన ఇంట్లో కూర్చుని గడిపేవాడు, నేను చూసుకునేదాన్ని. నువ్వు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదక్కా. పట్నం వాడి మీద గెలవాలని నీకెందుకంత ఆత్రం?”

రెండు రోజులుగా ఊళ్ళో ప్రతివాణ్ణీ వెధవ కింద జమకట్టాను. ఆ గదిలో అసలు వెధవ ఎవరో ఇప్పుడు తెలిసింది.

“పద రేవుకి,” అన్నాను. “ఇప్పుడు నాతో అన్న మాటే లింగ్‌వేతో అను. మీ నాన్న పడవ దిగిపోతాడు.”

“నేనేమన్నాను?” అంది తూరిడ్. “ఈ గదిలో ఇంకెవరున్నారు వినడానికి? ఆయన సంతకం పెట్టాడు. నువ్వు సాక్ష్యం చెప్పావు.”

“రేవుకైతేనే ఈ గుమ్మం దాటతావు,” అంటూ వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ఆమె నా వంక చూసి, బల్ల మీదున్న రేకు గొట్టాన్ని రెండు చేతులతో కర్రలా ఎత్తి పట్టుకుంది.

“తప్పుకో అక్కా,” అంది.

గడియారంలో రెండూ యాభై ఒకటి. పడవ కదలడానికి ఇంకా తొమ్మిది నిమిషాలు. నేను తప్పుకోలేదు.